పది నిమిషాల జెండా

ఈ సెమ్ మినీ ప్రాజెక్టుకి మేం నలుగురం ఒక గేమ్ చేద్దామనుకున్నాం. గేమ్‌కి ఒక దేశం కావాలి. కోడింగ్‌లో మిగతా ముగ్గురికంటే నేను నెమ్మది కాబట్టి, దేశాన్ని తయారుచేసే పని నాకు అంటగట్టారు. ఒక్క సాయంత్రంలో అయిపోయింది. పేరు, కోట, గీతం, శత్రువులు, అన్నీ. జెండా రంగులైతే కలర్ పికర్‌తో పది నిమిషాల్లో తేల్చేశా. అంతా చూసి మా టీమ్‌లో ఒకడు, "ఇది మాహిష్మతే కదరా, పేరు మార్చావంతే" అన్నాడు.

నిజమే. మా వయసువాళ్లకి ఊహాదేశం అనగానే గుర్తొచ్చేది అదే. 2015లో మొదటి బాహుబలి వచ్చేసరికి నాకు తొమ్మిదేళ్లు. మాహిష్మతి అన్న పేరు పాతదే, పురాణాల్లో కార్తవీర్యార్జునుడి రాజధాని. కానీ సినిమాలో ఉన్నది మాత్రం కొత్తగా కట్టుకున్న దేశం. సింహాసనం, బంగారు విగ్రహం, పట్టాభిషేకానికి పాట. శత్రువులైన కాలకేయుల కోసం మదన్ కార్కీ ఏకంగా కిలికి అని ఒక భాషే తయారుచేశారు, 750 దాకా మాటలు, 40 వ్యాకరణ సూత్రాలతో. ఇదంతా నాకు భలే ఇష్టం. గేమ్ కోసం మళ్లీ చూస్తుంటే మాత్రం ఒకటి తట్టింది. ఆ దేశంలో జనం ఎక్కువగా చేసే పని రాజు పేరు అరవడం. రాజమాత నోట వచ్చిందే చట్టం. కట్టప్పకి అది తప్పని తెలిసినా కత్తి దూయాల్సిందే, ఎందుకంటే ఎప్పుడో పూర్వీకులు సింహాసనానికి మాటిచ్చారు. ఆయన్ని ఎవరూ అడగలేదు.

మరి నిజం దేశాలు మాత్రం ఊహించుకున్నవి కావా? బెనెడిక్ట్ ఆండర్సన్ అనే ఆయన 1983లో రాసిన పుస్తకంలో వాదించింది ఇదే. జన్మలో ఒకరినొకరు చూడని కోట్లమంది 'మేమంతా ఒకటి' అని ఊహించుకుంటేనే జాతి అవుతుందట. వన్ టౌన్‌లో పెరిగినవాడికి ఇది పెద్ద వింతేం కాదు. ఆ ఊహలో ఒక ముక్క మా ఊళ్లోనే తయారైంది.

1921 మార్చి 31, ఏప్రిల్ 1 తేదీల్లో బెజవాడలో అఖిల భారత కాంగ్రెస్ కమిటీ సమావేశాలు జరిగాయి. భట్లపెనుమర్రులో పుట్టిన పింగళి వెంకయ్య అప్పుడే గాంధీకి జెండా నమూనా ఇచ్చారు. అదీ బందరు రోడ్డులో విక్టోరియా రాణి జూబిలీ పేరుతో కట్టిన మ్యూజియంలో! ఎరుపు హిందువులకి, ఆకుపచ్చ ముస్లింలకి, మీద చరఖా. మిగతా మతాలవాళ్ల మాటేమిటి? అందుకని గాంధీ తెలుపు చేర్చమన్నారు. తర్వాత సిక్కులు మా రంగేదన్నారు. 1931లో కాంగ్రెస్ ఎరుపు తీసేసి కాషాయం పెట్టి, ఈ రంగులకీ మతాలకీ సంబంధం లేదని తీర్మానం చేసింది. 1947 జూలై 22న రాజ్యాంగ సభ చరఖా స్థానంలో అశోక చక్రాన్ని పెట్టింది. మొత్తం ఇరవయ్యారేళ్లు. మన గిట్ భాషలో చెప్పాలంటే చాలా కమిట్ల వెనక ఎవరిదో ఒక అభ్యంతరం ఉంది. నా జెండా పది నిమిషాల్లో అయిపోయిందంటే నేనేదో గొప్ప డిజైనర్ని కాదు, అభ్యంతరం చెప్పడానికి ఆ దేశంలో మనిషే లేడు.

మన రాష్ట్రం కథా దాదాపు ఇదే. కాళేశ్వరరావు మార్కెట్ అంటే మాకు చిన్నప్పట్నుంచీ కూరగాయలు, పళ్లు, కాలు పెట్టే చోటు లేని జనం. ఆ అయ్యదేవర కాళేశ్వరరావు ఎవరో నిరుడు వెతికితేగానీ తెలియలేదు. విశాలాంధ్ర కోసం ముందుండి నడిచినవాళ్లలో ఒకరు, ఆంధ్రప్రదేశ్ అసెంబ్లీకి తొలి స్పీకర్. వాళ్లు ఊహించిన మ్యాప్ 1956 నవంబర్ 1న నిజమైంది. 2014 జూన్ 2న మారిపోయింది. నేను పుట్టిన రాష్ట్రం, ఇప్పుడున్న రాష్ట్రం పేరు ఒకటే, ఆకారం వేరు.

విడిపోవడం గురించి మా ఇంట్లో ఇప్పటికీ బాధపడతారు. నా అభిప్రాయం వాళ్లకి నచ్చదు, అయినా రాస్తున్నా. తెలుగువాళ్లంతా ఒకటి అన్న ఊహలో తప్పు లేదు. కానీ అందులో తమకి సరైన చోటు లేదని తెలంగాణవాళ్లు 1969లోనే రోడ్డెక్కి చెప్పారు. మనం ఎంత విన్నాం? వాళ్ల యాసని మన సినిమాలు చాలాకాలం రౌడీకో కమెడియన్‌కో ఇచ్చాయి. కాలకేయుడికి కిలికి ఇచ్చినట్టే. కిలికికి కనీసం వ్యాకరణమన్నా రాశారు.

ఇది వేరేవాళ్ల గొడవ అని నేను తప్పించుకోలేను. ఇంగ్లీష్ మీడియంవాణ్ణి. ఈ వ్యాసంలో ఒత్తులు దిద్దింది మా ఎడిటర్ అక్క. "నీది తెలుగేనా" అని నన్ను అడిగినవాళ్లున్నారు. వస్త్రలతలో మాకు తెలిసిన మార్వాడీ అంకుల్ ఇంట్లో మార్వాడీలో మాట్లాడతాడు, కొట్లో కూర్చుని "మన బెజవాడ ఎండలు" అని విసుక్కుంటాడు. ఆ 'మన'కి ఆయన ఎవరి దగ్గరా పర్మిషన్ తీసుకోలేదు. నాకు ఆ ధైర్యం ఇంకా పూర్తిగా రాలేదు.

గేమ్‌లో ఇప్పుడు ఒక మార్పు చేస్తున్నా. కోట గుమ్మం దగ్గర ఒకావిడ నిలబడి ఉంటుంది, ఏటి అవతలి పేట నుంచి వచ్చింది. జెండాలో మా రంగేది అని అడుగుతుంది. జవాబు చెప్పకుండా ఆట ముందుకెళ్లదు. ఏ ఆప్షన్లు పెట్టాలో మాత్రం తేలలేదు, నలుగురం నాలుగు రకాలుగా వాదించుకుంటున్నాం. సబ్మిషన్ శుక్రవారం.