బొబ్బిలి కోటకు క్యూబెక్ సిపాయిలు

మన సంఘంలో ఈ మధ్య కొత్త ఫిర్యాదు ఒకటి వినబడుతోంది. "పదిహేనేళ్ళొచ్చాయి, ఇంకా బేస్‌మెంటులో కూర్చుని బొమ్మలకు రంగులేస్తున్నాడండీ, లెక్కలు ఎప్పుడు చేస్తాడు?" అని తల్లులు. "ఆ వేలెడంత సిపాయికి ఎంత పోస్తున్నామో తెలుసా?" అని తండ్రులు. పాట్‌లక్కుల్లో ఈ గొడవ పులిహోర దగ్గర మొదలై పాయసం దాకా సాగుతోంది గనుక, ఈ నెల మన శీర్షికను ఆ బొమ్మలకే ఇచ్చేశాం.

ఆట సంగతి తెలియనివారికి రెండు ముక్కలు. పింగ్‌పాంగు బల్లంత బల్ల మీద గుట్టలు, వాగులు, ఇళ్ళు పేర్చి, అంగుళం పైచిలుకు ఎత్తున్న సిపాయిలను రెండు పక్షాలుగా నిలబెడతారు. టేపుతో కొలిచి నడిపిస్తారు. పాచికలు వేసి ఎవరు పడ్డారో తేల్చుకుంటారు. పాచికలనగానే శకుని గుర్తొచ్చి కంగారు పడకండి, ఇక్కడ రాజ్యాలు పోవు, శనివారం మధ్యాహ్నం పోతుంది, అంతే. 1824లో ప్రష్యా సైన్యం తన ఆఫీసర్ల శిక్షణ కోసం ఇలాంటి ఆటను చేపట్టింది. దాన్ని ఇంటి నేల మీదికి దించి జనానికి అలవాటు చేసినవారిలో ఇంగ్లీషు నవలాకారుడు హెచ్.జి. వెల్స్ ఒకడు. 1913లో 'లిటిల్ వార్స్' అని పుస్తకమే రాశాడు. 1974లో అమెరికాలో డంజన్స్ అండ్ డ్రాగన్స్, 1983లో ఇంగ్లండులో వార్‌హామర్ వచ్చాక రాక్షసులు, మరుగుజ్జులు కూడా బల్లెక్కారు. మన పిల్లలు చాలామంది ఆ రాక్షసుల దారినే ఇందులోకి వచ్చారు.

ఆట రెండు గంటలు, బొమ్మల తయారీ రెండు నెలలు. అసలు సరదా అక్కడే ఉందని దగ్గర కూర్చుని చూస్తేగాని తెలియదు. కొన్న బొమ్మను కొన్నట్టే నిలబెట్టడం వీళ్ళకు నామోషీ. ఒకడి చెయ్యి కోసి ఇంకొకడికి అతికిస్తారు, తలలు మారుస్తారు, కత్తి తీసి కాగడా ఇస్తారు. దీనికి వాళ్ళ భాషలో కన్వర్షన్ అని పేరు. "మా మనవడు కన్వర్షన్లు చేస్తున్నాడట" అని విని ఒక పెద్దావిడ, "ఏ మతంలోకమ్మా?" అని గుండె పట్టుకున్నారు.

ఆ పెద్దావిడ ఇంట్లోనే షోకేసులో కొండపల్లి దశావతారాలున్నాయి. వాటిని ఎలా చేస్తారో ఒకసారి తలుచుకోండి. బెజవాడ పక్క కొండపల్లిలో తెల్లపొణికి కర్రను ఆరబెట్టి, సెగ చూపించి తేమ లాగేస్తారు. మొండెం వేరే, చేతులు వేరే, తల వేరే చెక్కుతారు. చింతగింజల పొడి, రంపపు పొట్టు కలిపి నూరిన మక్కుతో వాటిని అతికి, సందులు పూడ్చి, ముక్కూ చెవులూ మలుస్తారు. ఆరాక సున్నం పూత, ఆపైన మేక వెంట్రుకల కుంచెతో రంగులు. మన కుర్రాళ్ళు చేసేదీ అదే వరస. పొణికి బదులు ప్లాస్టిక్కో తగరమో, మక్కు బదులు రెండు ముద్దలు కలిపే ఎపాక్సీ పుట్టీ, సున్నం బదులు డబ్బాలోంచి చిమ్మే ప్రైమరు. పసుపుపచ్చ ముద్ద, నీలం ముద్ద సమంగా పిసికితే ఆకుపచ్చ మక్కు అవుతుంది. గంటసేపు చెప్పినట్టు వింటుంది, తెల్లారేసరికి రాయి. వేలికీ పనిముట్టుకీ అంటుకోకుండా నీటితో తడుపుతూ ఉండాలి. కొండపల్లి పనివాడికి ఈ బల్ల దగ్గర కుర్చీ వేస్తే పూటలో పని అందుకుంటాడు. ఆ మాట అనగానే ఆ పెద్దావిడ కళ్ళజోడు తెప్పించుకుని మనవడి బల్ల దగ్గరికి వెళ్ళారు.

ఇక అసలు విషయం. ఈ పిల్లల్లో నలుగురు కలిసి సంక్రాంతి సంబరాలకు బొబ్బిలి యుద్ధం బల్ల మీద పెడతామని బయలుదేరారు. బొబ్బిలి సిపాయిలు ఎక్కడ దొరుకుతారు? వాటర్లూ పెట్టెలున్నాయి, గెటిస్‌బర్గ్ పెట్టెలున్నాయి. ప్లాసీ నాటి సిపాయిలు కూడా అక్కడక్కడా ఉన్నారు. వెలమ దొర మాత్రం మేము చూసిన ఏ దుకాణం అలమరలోనూ కనబడలేదు. ఎవరో చేసి పెట్టేదాకా ఆగితే మనవడి మనవడు కూడా వాటర్లూయే ఆడతాడు.

దారి చూపింది కెనడా చరిత్రే. బుస్సీ దొర ఫిరంగులు బొబ్బిలి కోటను కొట్టింది 1757 జనవరి 24న. క్యూబెక్ బయట అబ్రహాం మైదానంలో వుల్ఫ్, మాంకామ్‌ల సైన్యాలు తలపడింది 1759 సెప్టెంబరు 13న. మూడేళ్ళు తిరగకముందే భూగోళం అటు కొసనా ఇటు కొసనా ఫ్రెంచి రాజు జెండా కిందే యుద్ధం. ఇక్కడి పిల్లలు స్కూల్లో చదివే ఏడేళ్ళ యుద్ధం, మన తాతలు బుర్రకథలో విన్న యుద్ధం ఒకే కాలంలో నడిచాయన్నమాట. ఉత్తర సర్కారులు నిజాం సలాబత్ జంగు చేతినుంచి బుస్సీకి దక్కింది 1753లో. 1758 డిసెంబరులో పిఠాపురం దగ్గర చందుర్తిలో ఫ్రెంచివాళ్ళు ఓడిపోయారు, మరుసటి ఏప్రిల్లో బందరు కోట పోయింది. 1760 సెప్టెంబరులో మాంట్రియల్, 1761 జనవరిలో పాండిచ్చేరి. ఈ తేదీలు వరసన రాసి ఫ్రిజ్జు మీద అంటించారు ఒక ఇంట్లో. చరిత్రలో సి గ్రేడు వచ్చిన కుర్రవాడే అంటించాడని వాళ్ళమ్మగారు మాకు ప్రత్యేకంగా చెప్పారు.

కనుక బుస్సీ బలగానికి క్యూబెక్ ఫ్రెంచి సిపాయిలే ఆధారం. మూడు మూలల టోపీ, మోకాళ్ళ దాకా కోటు, తుపాకి, కాళ్ళకు పట్టీలు. ఆ పెట్టెలు ఈ దేశంలో తేలిగ్గా దొరుకుతాయి. శీతకాలపు కంబళి కోట్లవాళ్ళను మాత్రం పక్కన పెట్టాలి, బొబ్బిలి ఎండలో అవి నప్పవు. ఫ్రెంచివాళ్ళ వెంట నడిచిన నాటు సిపాయిలకు అదే మొండెం, తల మాత్రం కొత్తది. ఈ సిపాయిల విషయంలో పిల్లలకు చెప్పదగ్గ ముచ్చట ఒకటుంది. ఉత్తరాదిన చాలాకాలం సిపాయిని 'తిలంగా' అనేవారు. దక్షిణాదినుంచి వచ్చిన తొలినాటి సిపాయిలను తెలుగు దేశం వాళ్ళుగా ఎంచడంవల్ల పుట్టిన పేరది. అంటే కోట లోపలా మనవాళ్ళే, బయటా మనవాళ్ళే.

తలపాగా కట్టడం చూడవలసిన పని. టోపీని అంచుల దాకా కోసేసి, మక్కును దారంలా పేని, తల చుట్టూ నాలుగు చుట్లు తిప్పి, గుండుసూది మొనతో మడతలు నొక్కుతారు. పంచె కష్టం. ప్యాంటు కాళ్ళ మీద పల్చటి మక్కు రేకు కప్పి, గోచీ వెనక్కి వెళ్ళే చోట ముడతలు తేవాలి. మొదటి పంచెలు పైజమాల్లా వచ్చాయి. "అట్లా కాదురా" అని ఒక తాతగారు లేచి, పిల్లల ముందు స్వెట్టరు మీదే పంచె కట్టి చూపించారు. ఆ రోజు ఫొటోలు తీసుకుని, వాటిని చూస్తూ చేసిన బొమ్మలు చూడముచ్చటగా వచ్చాయి. బల్లెం పట్టిన చెయ్యి ఊడకుండా సన్న బరమాతో కన్నం తొలిచి, లోపల తీగముక్క గుచ్చి అతికించాలి. జిగురొక్కదాన్నే నమ్మితే మొదటి ఆటకే చెయ్యి రాలిపోతుంది.

రంగుల దగ్గర ఇంకో చిక్కు. చాలాకాలం 'ఫ్లెష్' అని రాసి అమ్మిన సీసాలో గులాబి రంగే ఉండేది. ఎవరి ఒళ్ళు అది? ఇప్పుడు రకరకాల ఛాయలు దొరుకుతున్నాయి గాని, మనవాళ్ళకు సరిపోయేది ఏ సీసాలోనూ నేరుగా లేదు. ఒక అమ్మాయి గోధుమరంగులో కొంచెం ఎరుపు, కొంచెం పసుపు కలుపుతూ, వాళ్ళ నాన్న మోచేతి పక్కన పెట్టి చూస్తూ, ఏడోసారికి సరిపెట్టింది. ఆయన ఆ గంటసేపూ చెయ్యి కదపకుండా టీవీలో హాకీ చూస్తూ కూర్చున్నారు. తరవాత ఆ రంగులో నీళ్ళు పోసి పల్చన చేసిన ముదురు గోధుమ పూత పూస్తే, అది గుంటల్లోకి దిగి కళ్ళూ దవడలూ తేలాయి. ముక్కుమీదా నుదుటిమీదా లేతరంగు చుక్క. అంతే, మొహం మన ఊరి మొహం.

పాపారాయుడి గురించి పెద్ద రభస జరిగింది. పిల్లలు ఆయన్ని కోట బురుజు మీద నిలబెట్టారు. సినిమాలు చూసినవాళ్ళు సరేనన్నారు గాని, మన సభ్యుల్లో శ్రీకాకుళం జిల్లా ఆయన ఒప్పుకోలేదు. యుద్ధం రోజున ఆయన రాజాంలో ఉన్నాడనే కదా కథ! ఇంగ్లీషు చరిత్రకారుడు రాబర్ట్ ఆర్మ్ 18వ శతాబ్దంలోనే ఈ యుద్ధం సంగతి రాశాడు. కోట పడిన తరవాత రాత్రివేళ గుడారంలో దూరి విజయరామరాజును చంపడం అందులోనూ ఉంది, కాని అది ఇద్దరు బొబ్బిలి వీరుల పనిగా ఉంది. బుర్రకథలో అది పాపారాయుడి పని. ఏది పెట్టాలి? ఒక చిన్న రెండో బల్ల వేసి, దాని మీద గుడారం ఒకటే పెట్టి, లోపలికి దూరే బొమ్మలు రెండు చేసి, ఒకదానికి పాపారాయుడి మీసాలు పెట్టమన్నాం. మా తీర్పు విజయనగరం వాళ్ళకు నచ్చలేదు. మా రాజుగారిని నిద్రలోనే చూపిస్తారా అని ఒకాయన ఇప్పటికీ మాతో ముభావంగా ఉన్నారు. ఆ రాజుగారి బొమ్మకు మంచి జరీ తలపాగా చుట్టించాం, ఏనుగు కూడా ఇచ్చాం. అంతకంటె చేయగలిగింది లేదు.

అన్నిటికంటె కష్టమైన ప్రశ్న ఒక పదకొండేళ్ళ పిల్ల అడిగింది. "కోటలో ఆడవాళ్ళ బొమ్మలు ఎవరు చేస్తారు?" అని. కోట నిలవదని తేలాక, శత్రువు చేత చిక్కకూడదని సొంత ఆడవాళ్ళను, పిల్లలను తమ చేతులతోనే కడతేర్చారు. మనం బుర్రకథలో విని కళ్ళొత్తుకున్నాం గాని, అమ్మలకూ పిల్లలకూ పాచికలు వేయలేం. నలుగురూ నాలుగు మాటలన్నారు. ఆ సంగతే ఎత్తవద్దని కొందరు, దాచితే అబద్ధమవుతుందని కొందరు. మేము దాచవద్దన్న పక్షం. చివరికి కోట నడుమ ఇళ్ళు కట్టారు, తలుపులు మూసి ఉంచారు. ఆ ఇళ్ళ జోలికి ఏ పాచికా పోదు. ఆట అయ్యాక ఒక్క బొమ్మను మాత్రం తెచ్చి బల్ల మీద పెడతారు. రంగారావుగారి పసివాణ్ణి వెంటబెట్టుకుని ఫ్రెంచి శిబిరానికి వచ్చిన ముసలాయన బొమ్మ. ఆ పిల్లవాడు బతికాడు, బొబ్బిలి సంస్థానం మళ్ళీ నిలిచింది. ఆ ఇద్దరి బొమ్మనూ ఆ పదకొండేళ్ళ పిల్లే చేసింది. పిల్లవాడి ఎత్తు అర అంగుళం. ముసలాయన వేలు పట్టుకున్నాడు.

తల్లిదండ్రులకు కొన్ని జాగ్రత్తలు. పాత సిపాయి బొమ్మల్లో చాలావాటిలో సీసం ఉంటుంది. గరాజ్ సేలులో చవగ్గా దొరికాయని తెచ్చినవి ఆకురాయి పెట్టి రుద్దనివ్వకండి. ఆ పొడి వంటింటి బల్ల మీద అసలే పనికిరాదు. పని అయ్యాక చేతులు సబ్బుతో కడగాలి. కుంచె మొన సన్నగా రావడానికి నాలుకకు రాసుకునే అలవాటు పెద్ద పెద్ద పనివాళ్ళకూ ఉంది, మాన్పించండి. పచ్చి మక్కు కొందరి చర్మానికి పడదు, పల్చటి గ్లవ్స్ మంచిది. ప్రైమరు డబ్బా ఇంట్లో కొట్టకూడదు. గరాజులో కొడదామంటే జనవరిలో మైనస్ ఇరవైలో అది బొమ్మ మీద ఇసకలా గరుకుగా పడుతుంది. థాంక్స్‌గివింగ్ లోపలే ఆ పని కానివ్వడం తెలివి. ఆలస్యమైతే కుంచెతో రాసే ప్రైమరు ఉంది. ఇప్పుడు త్రీడీ ప్రింటర్లు కూడా వచ్చాయి. ఒకరింట్లో కోట బురుజులు వాటి మీదే అచ్చయ్యాయి. పంచెలు మాత్రం చేత్తోనే చెయ్యాలని పిల్లలే పట్టుబట్టారు.

బొమ్మల కొలువులో వీటిని పెట్టవచ్చా అని అడిగినవారికి: పై మెట్ల మీద దేవుళ్ళుంటారు, కింది మెట్ల మీద శెట్టిగారు, శెట్టెమ్మ, పాములవాడు, బ్యాండు మేళం ఎప్పటినుంచో ఉన్నారు. సిపాయిలు వాళ్ళ సరసన నిలబడితే ఎవరికీ మైల కాదు. చిన్నపిల్లల చేతికి అందకుండా గోడవైపు పెట్టండి.

సంక్రాంతి రోజున హాలు తలుపులు పది గంటలకు తెరుస్తారు. యుద్ధం పదకొండుకు మొదలు, భోజనాల వేళకు కోట పడుతుంది. అసలు యుద్ధం కూడా తెల్లవారుజామున మొదలై మధ్యాహ్నానికే ముగిసింది గనుక భోజనాలు ఆలస్యం చేయవద్దని వంటల కమిటీకి మనవి. బొబ్బిలినుంచి ఎవరో బహుమతిగా ఇచ్చిన చిన్న వీణలు మన ఇళ్ళల్లో చాలా ఉన్నాయి. జానెడు వీణ ఉన్నవారు ఆ రోజుకు అరువివ్వండి, బల్ల పక్కన పెడతారు. పాత టూత్‌బ్రష్‌లు, గుండుసూదులు, ఆడవాళ్ళ జరీ అంచు ముక్కలు కూడా పనికొస్తాయి. బుస్సీ దొర వైపు ఆడడానికి మాత్రం ఇంకా ఎవరూ ముందుకు రాలేదు. విజయనగరం వాళ్ళు ఆలోచించగలరు.