ఊకకు గిరాకీ వచ్చింది – బూడిదకే దిక్కు లేదు

మిర్యాలగూడ: నాగార్జునసాగర్ ఎడమ కాలువకు 1967లో నీళ్లు వదిలిన దరిమిలా ఈ ప్రాంతం వరికి, వరి వెంట రైసుమిల్లులకు పెట్టింది పేరయ్యింది. మిల్లుల వెంట ఊక వచ్చింది. ఒకప్పుడు ఊక అంటే మిల్లుల వారికి తలనొప్పి. ఎవరైనా బండి కట్టుకొచ్చి తోలుకుపోతే చాలుననుకునేవారు. పనికిరాని మాటలను "ఊకదంపుడు" అంటారు. ఆ కాలం పోయింది. ఇటుక బట్టీలు, కోళ్ల ఫారాలు, బాయిలర్లు, ఊకతో కరెంటు తీసే ప్లాంట్లు పోటీ పడటంతో ఊక నేడు తూకం వేసి అమ్మే సరుకయ్యింది. తలనొప్పి మాత్రం పోలేదు. ఊకను వదిలి బూడిదను పట్టుకుంది.

లెక్క చాలా సులువు. టన్ను ధాన్యం ఆడిస్తే సుమారు 200 కిలోల ఊక వస్తుంది. ఆ ఊకను కాలిస్తే 40 కిలోల వరకు బూడిద మిగులుతుంది. కట్టెలు గానీ, పత్తి కట్టె గానీ ఇంత బూడిద మిగల్చవు. రోజుకు 100 టన్నుల ధాన్యం ఆడే మిల్లు తన ఊకంతా కాల్చిందంటే రోజూ 4 టన్నుల బూడిద తేలుతుంది. 2024 వానాకాలంలో తెలంగాణలో 153 లక్షల టన్నుల వరి పండినట్లు రాష్ట్ర ప్రభుత్వం ప్రకటించింది. ఆ ఒక్క పంట ఊకే 30 లక్షల టన్నులు దాటుతుంది. అదంతా పొయ్యిలోకే పోతే మిగిలేది 6 లక్షల టన్నుల బూడిద.

ఇంత బూడిద ఎందుకంటే, వరి మొక్క నేలలోని సిలికాను, అంటే ఇసుకలో ఉండే పదార్థాన్నే, వేళ్లతో పీల్చి గింజ పైపొట్టులో దాచుకుంటుంది. పశువులు ఊక ముట్టకపోవడానికి, పెంటకుప్పలో వేసినా అది త్వరగా చివకకపోవడానికి కారణం అదే. కాలిన బూడిదలో నూటికి 85 నుంచి 95 పాళ్లు సిలికాయే. పరిశ్రమలకు కావలసింది సరిగ్గా అదే.

ఉక్కు కర్మాగారాల్లో కరిగిన ఉక్కు మీద ఈ బూడిదను దుప్పటిలా కప్పుతారు, వేడి పోకుండా ఆగుతుంది. కాంక్రీటుకూ పనికొస్తుంది. మన దేశంలో పుట్టి అమెరికాలోని కాలిఫోర్నియా విశ్వవిద్యాలయంలో పనిచేసిన ప్రొఫెసర్ పి.కె. మెహతా 1970లలోనే ఊక బూడిదతో సిమెంటు తయారుచేసే పద్ధతి కనిపెట్టి పేటెంటు పొందారు. కాంక్రీటు పనులకు మన దేశం పెట్టుకున్న 2000 సంవత్సరపు ప్రమాణం ఐ.ఎస్. 456 కూడా ఊక బూడిద కలపడానికి అనుమతి ఇచ్చింది. ఇక బూడిదను కాస్టిక్ సోడాతో ఉడికించి, ఆ ద్రావణంలోకి బొగ్గుపులుసు వాయువు పంపితే మెత్తని తెల్ల సిలికా పొడి దిగుతుంది. బెంగుళూరులోని ఇండియన్ ఇన్‌స్టిట్యూట్ ఆఫ్ సైన్స్ వారు ఈ పద్ధతిని అభివృద్ధి చేశారు. రబ్బరులో, టైర్లలో కలిపేది ఇటువంటి పొడే. ఊక బూడిద సిలికాను తమ టైర్లలో వాడబోతున్నట్లు గుడ్‌ఇయర్ కంపెనీ 2014లో ప్రకటించింది కూడా.

మరి ఇన్ని ఉపయోగాలున్న బూడిద రోడ్డు పక్కన కుప్పలు పడి ఎందుకుంటోంది? ఎవరికీ తెలియక కాదు. గుట్టంతా మిల్లు పొయ్యిలోనే ఉంది.

ఊకను 600, 700 డిగ్రీల వేడిలో నిదానంగా, గాలి సరిగా ఆడేలా కాలిస్తే సిలికా గాజులాంటి రూపంలో ఉండి సున్నంతో కలిసి గట్టిపడుతుంది. వేడి 800 డిగ్రీలు దాటి ఎక్కువసేపు నిలిస్తే అదే సిలికా పలుకుబారుతుంది. అప్పుడది సిమెంటుకు అక్కరకు రాదు. పైగా ఆ పలుకు దుమ్ము ఏళ్ల తరబడి పీలిస్తే ఊపిరితిత్తులు దెబ్బతింటాయి, రాళ్ల క్వారీ కూలీలకు వచ్చే సిలికోసిస్ జబ్బు అదే. గాలి చాలక ఊక సగం కాలితే బొగ్గు మిగిలి బూడిద నల్లబడుతుంది. ఉప్పుడు బియ్యం మిల్లుల్లో బాయిలర్ పెట్టింది ధాన్యానికి ఆవిరి పట్టడానికీ, ఆరబెట్టడానికీ. ఆవిరి వస్తే చాలు, బూడిద ఏ రంగులో దిగిందో చూసే తీరిక ఎవరికుంటుంది? ఒక మిల్లు బూడిద నలుపు, ఇంకో మిల్లుది బూడిద రంగు, ఒకే మిల్లులో పగలొక రకం, రాత్రొక రకం. ప్రతి లోడూ ఒకే తీరున ఉండాలనే కొనుగోలుదారు అటువంటి సరుకు జోలికి రాడు. ధాన్యంలో తేమ శాతం చూసి రైతుకు కోత పెట్టే మిల్లుల్లో, బూడిదలో బొగ్గు శాతం చూసుకునే ఏర్పాటు ఉండకపోవడం విడ్డూరమే.

పొరుగునే వాడపల్లి, మట్టంపల్లి, మేళ్లచెరువులలో సిమెంటు ఫ్యాక్టరీలున్నాయి గదా, వారికే ఇవ్వరాదా అని అడిగేవారున్నారు. సిమెంటు వారికి థర్మల్ కేంద్రాల బూడిద ఎప్పటినుంచో అలవాటు. దామరచర్ల మండలంలో 4 వేల మెగావాట్ల యాదాద్రి థర్మల్ కేంద్రం 2024 డిసెంబరు నుంచి ఒక్కో యూనిటుగా ప్రారంభమవుతూ వచ్చింది. ఒకేచోట, ఒకే తీరున, కావలసినంత బూడిద దొరికే చోటుండగా పది మిల్లులు తిరిగి పది రకాలు ఏరుకునే ఓపిక వారికెందుకు? కాబట్టి ఊక బూడిదకు సిమెంటు దారి ఇరుకుదే. సిలికా పొడి దారే మేలు, అక్కడ థర్మల్ బూడిద పోటీకి రాలేదు. కాని దానికి ఫ్యాక్టరీ కావాలి, ఫ్యాక్టరీకి ఏడాది పొడుగునా ఒకే రకం బూడిద కావాలి.

ఈలోగా బాధ పడేది మిల్లుల చుట్టూ ఉన్న జనం. ఆరేసిన బట్టల మీద, మిద్దెల మీద, నీళ్ల తొట్లలో నల్లని నుసి. గాలి వీచినప్పుడు స్కూటరు మీద పోయేవారి కళ్లలో పడితే ఆ రోజుకు పని సరి. నుసి గరుకుది, నలిపితే కన్ను గీసుకుంటుంది. చెరువు శిఖంలో, వాగు ఒడ్డున పోసిన బూడిద తొలకరి వానకు నీళ్లలోకి దిగుతుంది.

డబ్బు సంగతీ చూడాలి. ప్రభుత్వ ధాన్యం ఆడించే మిల్లు క్వింటాకు పచ్చి బియ్యమైతే 67 కిలోలు, ఉప్పుడు బియ్యమైతే 68 కిలోలు అప్పజెప్పాలి. తవుడు, ఊక మిల్లుకే మిగులుతాయి. మిల్లింగు చార్జీలు తక్కువగా ఉన్నాయంటే వీటిని లెక్కలో పెట్టుకునే. అందులో తప్పు పట్టేదేమీ లేదు. అయితే ఊకను మిల్లు ఆదాయంలో రాసుకున్నప్పుడు బూడిద ఖర్చు కూడా అదే ఖాతాలో పడాలి. ఊరి చెరువు ఖాతాలో రాస్తామంటే కుదరదు. ధాన్యం పండించిన రైతుకు ఊకలోనూ వాటా లేదు, సిలికాలోనూ వాటా లేదు, పొలం పక్క వాగులో బూడిద వాటా మాత్రం వస్తోంది.

ఒక్కో మిల్లు విడిగా చేయగలిగింది తక్కువ. పొగగొట్టానికి నుసి పట్టే యంత్రం పెట్టడం, బూడిదను తడిపి మూసిన లారీలో తోలడం వరకు చేయవచ్చు, చేయించవచ్చు. కాని బూడిదను సరుకుగా అమ్మాలంటే మిల్లులన్నీ కలిసి ఒక గోదాము కట్టి, రంగును బట్టి వేరుచేసి, ఒక చిన్న పరీక్షశాల పెట్టుకోవలసి ఉంటుంది. బూడిద తేలిక, లారీ నిండినా బరువు తూగదు. దూరం తోలితే కిరాయే మింగేస్తుంది. కనుక సిలికా ఫ్యాక్టరీ వచ్చేదైతే మిల్లుల నడుమే రావాలి. అంత పెట్టుబడి పెట్టేవారు ముందుగా అడిగేది మాత్రం ఒక్కటే: ఇన్ని మిల్లుల పొయ్యిల్లో ఒకే వేడి ఉంచే బాధ్యత ఎవరిదని.