పాళికో గోలీ

సూరత్‌లోని ఉధ్నాలో మనవాళ్లు దేనికి భయపడ్డారో, దేన్ని బలమనుకున్నారో చూస్తే తప్పు ఎక్కడ మొదలైందో తెలుస్తుంది. డిప్రెషన్ గోలీ అంటే హడలిపోయాం. రాత్రిపాళికి మింగే నొప్పుల గోలీని మాత్రం ‘పవర్ గోలీ’ అని ముద్దుగా పిలుచుకున్నాం. మొదటిది అలవాటైపోతుందని ఆపించాం. రెండోది అలవాటవుతుంటే ఊరుకున్నాం. చూడలేదనడానికి లేదు, చూశాం.

సిరిసిల్ల, కరీంనగర్, వరంగల్, నల్గొండ దిక్కు నుంచి మన పద్మశాలీలు సూరత్‌కు తరాలుగా వస్తున్నారు. సాంచాల ఖాతాలో, అంటే మరమగ్గాల షెడ్డులో, పాళి అంటే 12 గంటలు. పగారు మీటర్ల లెక్కన. తార్ తెగిన చోటికల్లా పరుగెత్తాలి, పక్కవాడికి ఏదన్నా చెప్పాలంటే చెవిలో అరవాలి. సాకు చెప్పుకోవడానికి ఇవన్నీ పనికొస్తాయి, నిజాలే కూడా. కానీ గోలీ చేతిలో పెట్టింది సేఠ్ కాదు, మనమే. ఊరి నుంచి కొత్తగా వచ్చిన పిల్లగాడు నడుం పట్టుకుని కూలబడితే, ‘ఇది వేసుకో తమ్మీ, పొద్దుందాకా ఏం తెల్వది’ అన్నది మన బావే, మన కాకే. అది ప్రేమే. ప్రేమ కాబట్టే ఎవరమూ అడ్డు చెప్పలేదు.

ఆ గోలీ ట్రమడాల్. నల్లమందు జాతికి చెందిన నొప్పి మందు. 2014 మార్చి నుంచి షెడ్యూల్ హెచ్1లో ఉంది. డాక్టరు చీటీ లేకుండా అమ్మకూడదు, రోగి పేరూ డాక్టరు పేరూ రిజిస్టరులో ఎక్కించి 3 ఏళ్లు దాచాలి. 2018 ఏప్రిల్‌లో మత్తుమందుల మీద ఉన్న ఎన్‌డీపీఎస్ చట్టం కిందికి కూడా తెచ్చారు. హెచ్1 మందుల మీద ఎర్ర గీతల పెట్టెలో హెచ్చరిక ఉండాలి. మన చేతికొచ్చేది కత్తెరతో కోసిన రెండు గోలీల ముక్క. దాని మీద మందు పేరు సగం, ధర సగం. ఎర్ర పెట్టె ఉన్న ముక్క ఇంకెవరి జేబులోకో పోయి ఉంటుంది. చీటీ అడగని షాపును మంచి షాపన్నాం. అడిగినవాణ్ణి సతాయిస్తాడని తిట్టుకున్నాం.

పుస్తకాల లెక్కలో ట్రమడాల్ ఉత్తేజకం కాదు. మిథైల్‌ఫెనిడేట్ లాంటి అసలు ఉత్తేజకాలు షెడ్యూల్ ఎక్స్‌లో ఉన్నాయి. వాటికి రెండు ప్రతుల చీటీ కావాలి, ఒక ప్రతిని షాపువాడు రెండేళ్లు దాచాలి. అంత కట్టడి దాటి మన సందుల్లోకి రావడం కష్టం. కానీ మింగేవాడికి షెడ్యూళ్లతో ఏం పని? అలసట తెలియదు, చేయి ఆడుతుంది. పైగా డిప్రెషన్ మందుల్లాగే ట్రమడాల్ కూడా మెదడులో సెరటోనిన్‌ను పెంచుతుంది. ఒంటి నొప్పితోపాటు మనసూ కాస్త తేలికైనట్టుంటుంది. ఇంటి మీద బెంగకు కూడా అదే మందైంది.

గోలీకి అలవాటుపడ్డ ఆ పిల్లగాడు దసరాకు నవజీవన్ రైలెక్కి, వరంగల్‌లో దిగి ఊరికి పోతాడు. నిద్ర లేదు, మాట లేదు, ఏమైందోనని ఇంట్లోవాళ్లు డాక్టరుకు చూపిస్తారు. ఆయన ఫ్లూవాక్సెటినో, ఎస్సిటలోప్రామో రాస్తాడు. ట్రమడాల్ సంగతి అతను చెప్పడు. పక్కన కూర్చున్న మనమూ చెప్పం, పరువు పోతుందని. తిరిగి ఉధ్నాకు వచ్చాక ఈ కొత్త మందు సంగతి ఖాతాలో చెప్పడు, ‘మెంటల్’ అంటారని. అతని భయం ఉత్తదేం కాదు, మనం అంటాం. ఊళ్లో రాసిచ్చిన మందూ ఉధ్నాలో కొన్న మందూ ఏ డాక్టరు బల్ల మీదా పక్కపక్కన పడలేదు. కలిసింది అతని ఒంట్లోనే.

కలిస్తే జరిగేది ఇది. ట్రమడాల్‌ను నొప్పి తగ్గించే రూపంలోకి మార్చే ఎంజైమ్ ఒకటి కాలేయంలో ఉంటుంది. ఫ్లూవాక్సెటిన్, పారాక్సెటిన్ దానికి అడ్డం పడతాయి. నొప్పి తగ్గదు. తగ్గలేదని ఇంకొకటి వేసుకుంటాడు. ఇంకోపక్క రెండు మందులూ కలిసి సెరటోనిన్‌ను పెంచుకుంటూ పోతాయి. చెమటలు, వణుకు, గుండె దడ, విరేచనాలు, కండరాలు అదరడం, తికమక. ముదిరితే ప్రాణం మీదికే వస్తుంది. ఫిట్స్ ముప్పూ పెరుగుతుంది. సాంచా పక్కన అలా పడిపోయినవాడి చేతిలో మనం తాళాల గుత్తి పెట్టాం. గాలి సోకిందన్నాం, ఉపవాసం పడలేదన్నాం. ఏం గోలీ వేసుకున్నాడని మాత్రం అడగలేదు. తెలియక కాదు, అడిగితే మన జేబులూ వెతుకుతారని.

తర్వాత చేసింది ఇంకా అన్యాయం. ‘మెంటల్ గోలీలు మరుగుతయి’ అని డిప్రెషన్ మందు ఆపించాం. ఆ మందులు ట్రమడాల్‌లా ఇంకా ఇంకా కావాలనిపించవు. అయితే ఒక్కసారిగా ఆపితే తల తిరుగుతుంది, చిరాకు పుడుతుంది, నిద్ర పట్టదు. అది చూసి ‘చెప్పలే, మరిగినయని?’ అన్నాం. ఆ వెలితిలో పవర్ గోలీ పాళికొకటి కాస్తా రెండైంది. ఫ్లూవాక్సెటిన్ ఆపాక కూడా వారాల తరబడి ఒంట్లో ఉంటుంది కాబట్టి, మందు మానేసినా ముప్పు వెంటనే పోలేదు.

మనలాంటి వాళ్లు ఇంకెక్కడా లేరా అంటే ఉన్నారు. 1950లో అమెరికాలో స్మిత్, క్లైన్ అండ్ ఫ్రెంచ్ కంపెనీ హుషారెక్కించే యాంఫెటమిన్‌ను, మత్తెక్కించే బార్బిచ్యురేట్‌ను ఒకే మాత్రలో కలిపి డెక్సామిల్ పేరుతో దిగులుకు మందుగా అమ్మింది. ఈ సంగతి కొంచెం ఊరటగానే ఉంటుంది. కానీ అక్కడ కలిపింది కంపెనీ. ఇక్కడ ఏ కంపెనీ కలపలేదు.

ఈ గోలీల సంగతి ఇంట్లో ఆడవాళ్లకు ముందే తెలుసు. పగారు కవరు పల్చబడటం ముందు వాళ్లకే కనిపించింది. చెప్పారు కూడా. రాత్రంతా నిలబడి చూడు తెలుస్తుంది అని నోరు మూయించాం. వాళ్లూ రాత్రంతా మేలుకునే ఉన్నారని అప్పుడు తోచలేదు. తోచినా ఒప్పుకునేవాళ్లమని గట్టిగా అనలేను.

మానసిక ఆరోగ్య హెల్ప్‌లైన్ టెలిమానస్ 14416కు ఫోన్ చేస్తే తెలుగులోనూ మాట్లాడతారు, డబ్బు ఖర్చు లేదు. సూరత్‌లో మజూరా గేట్ దగ్గర న్యూ సివిల్ ఆస్పత్రిలో మానసిక వైద్య విభాగం ఉంది. వేసుకునే ప్రతి గోలీ పట్టుకెళ్లి చూపించాలి, ఏదీ సొంతంగా ఆపకూడదు. చెప్పాల్సింది ఇంతే. మార్కండేయ జయంతి చందాల కోసం కూర్చున్నప్పుడు కులపోళ్లందరి ముందు ఈ మాట ఎత్తాలనుకున్నాం. ముందు పందిరి సంగతి వచ్చింది, తర్వాత భోజనాల సంగతి, ఆ తర్వాత పోయినేటి లెక్కల మీద గొడవ. ఏడయ్యేసరికి రాత్రిపాళి వాళ్లు లేచి ఖాతాలకు వెళ్లిపోయారు. మిగిలినవాళ్లం చాయ్ తాగి, లెక్కలు తేల్చుకున్నాం.