కలన గణితానికి తెలుగు అడ్డమా?

హోసూరు ప్రాంతంలో డిగ్రీ గణితం చదివే మన పిల్లలు నాతో తరచు అనే మాట: "కాలిక్యులస్‌తోనే ఊపిరాడడం లేదు, పైగా ఈ భాషా పాఠం ఎందుకండీ?" పెద్దలూ వంత పాడుతున్నారు. నేను ఒప్పుకోను.

తమిళనాడు కళాశాలల్లో మొదటి భాగం భాష, రెండవది ఇంగ్లీషు. 2006 నాటి చట్టం బడుల్లో తమిళాన్ని తప్పనిసరి చేసి, ఏటా ఒక తరగతి చొప్పున 2015-16కు పదవ తరగతి దాకా తెచ్చింది. తెలుగుకు మిగిలిన కొద్ది చోట్లలో ఈ మొదటి భాగం ఒకటి. దాన్నీ మనమే వదులుకుంటే ఇక ఏ ముఖంతో హక్కులు అడుగుతాం?

ఇక బరువు సంగతి. లిమిట్ నిర్వచనాన్ని ఎప్సిలాన్, డెల్టాలతో సహా అప్పజెప్పిన ఒక విద్యార్థిని అర్థం అడిగితే నోరు మెదపలేదు. "ఒకటిని సగం చేస్తూ పో. సున్నాను ఎన్నటికీ తాకదు, కోరినంత దగ్గరకు మాత్రం చేరుతుంది. ఆ సున్నాయే అవధి" అన్నాను. వెంటనే అందుకున్నాడు. అవధి, అవకలనం, సమాకలనం అన్నీ 1968లో ఏర్పడిన తెలుగు అకాడమీ పుస్తకాల్లో ఉన్న మాటలే. సంస్కృతం మోత కాస్త ఎక్కువే. అది వేరే తగవు. ఆ పిల్లవాణ్ణి కుంగదీసింది పట్టుబడని ఇంగ్లీషులో మోసిన గణితం. నింద మాత్రం తెలుగు పాఠం మీద!

తెలుగు చదివే పిల్లలుండీ అధ్యాపకుణ్ణి వేయని కళాశాలలను నిలదీయండి. పాఠం ఎత్తివేయమని అర్జీలు పెట్టకండి.