సిగ్గు మందు కాదు

అంగడిలో కన్నడమునను, అరవమునను ధారాళముగ బేరమాడు మన నాలుక, వైద్యుని యెదుట సుఖవ్యాధి మాట చెప్పుటకు మూగవోవుచున్నది. 'పరభాషా వైద్యునికెట్లు చెప్పుదుము?' అనుట సాకు. అసలు కారణము సిగ్గు.

మూత్రమున మంట, చీము సెగవ్యాధి లక్షణములు. నొప్పిలేని పుండు సవాయి, అనగా సిఫిలిస్, కావచ్చును. ఆ పుండు కొన్ని వారములలో తనంతట మానును, రోగము మానదు. ఏండ్ల తరువాత గుండెను, మెదడును చెరుపవచ్చును. గర్భస్థ శిశువుకును సోకవచ్చును. పుండు మానుటయే తమ లేహ్యమహిమయని చాటి, గోడప్రకటనల రహస్యవైద్యులు సొమ్ము చేసికొనుచున్నారు!

రక్తపరీక్షలో ఇది తేలును. తొలిదశలో 24 లక్షల యూనిట్ల బెంజథిన్ పెనిసిలిన్ మోతాదు ఒక్కటి చాలును. ప్రభుత్వాసుపత్రుల సురక్షా క్లినిక్కులలో చికిత్స ఉచితము. ఇల్లాలికిని పరీక్ష, చికిత్స జరుగనిచో రోగము మరల సోకవచ్చును. నిరోధ్ తొడుగు వాడుట ముందుజాగ్రత్త.

పరువు దాచుటలో లేదు. ఇల్లాలిని, బిడ్డను కాపాడుటలో నున్నది.