బేటా వచ్చిన రోజే

మధురానగర్ మెట్రో దిగి యూసుఫ్‌గూడ వైపు నడిస్తే, అద్దె గదుల్లో సినిమావాళ్లు చాలామంది ఉంటారు. లైట్‌మన్లు, డాన్సర్లు, సహాయ దర్శకులు. షూటింగ్ ఉన్న రోజు బేటా, అంటే ఆ రోజు భత్యం, చేతికొస్తుంది. లేని నెలలో అద్దె మాత్రం ఆగదు. డబ్బు మీద ఈ సంచిక తెస్తున్నది ముందుగా వాళ్ల కోసమే.

కోటీశ్వరుడిలా ఆలోచించమనే పుస్తకాలు బోలెడున్నాయి. డబ్బు విలువను మన సినిమా చరిత్ర అంతకంటే గట్టిగా చెబుతుంది. 1946లో 'త్యాగయ్య' తీసిన చిత్తూరు నాగయ్యగారు అడిగినవారికల్లా ఇచ్చారు. చివరి రోజుల్లో చిన్న వేషాలు వేశారు. అలాంటి దానగుణమే ఉన్న సావిత్రిగారిని సొంత సినిమాలు అప్పుల్లోకి నెట్టాయి. వాళ్ల దానగుణాన్ని నేనెన్నడూ తప్పుపట్టను. ఇచ్చే చేతికి ముందు తనకంటూ కొంత ఆసరా ఉండాలంటాను, అంతే.

శోభన్‌బాబుగారి దారి వేరు. సంపాదించినదాన్ని మద్రాసులో స్థలాల మీద పెట్టారు, తోటి నటులకూ భూమి కొనమనే చెప్పారు. నటన మానేశాక వేషాల కోసం ఎదురుచూడాల్సిన అవసరం ఆయనకు రాలేదు.

బేటా మీద బతికేవారికి ఇప్పుడు స్థలం అందదు, నిజమే. కానీ పోస్టాఫీసులో ఆర్‌డీ నెలకు 100 రూపాయలతో మొదలవుతుంది. బేటా అందిన రోజే, ఇల్లు చేరకముందే, కొంత వేరే ఖాతాలో వేయండి. ముందు ఆరు నెలల అద్దె, బియ్యం ఖర్చు పోగుపడాలి. మిగతా ఆశలన్నీ ఆ తర్వాతే. చిట్టీ వేసేవారైతే, అది 1982 నాటి చిట్‌ఫండ్ల చట్టం కింద నమోదైందో లేదో కనుక్కున్నాకే మొదటి వాయిదా కట్టండి.