ఇంటింటి యంత్రం: చేతిలో ఫోను, తెనాలిలో కంప్యూటరు

క్రితం నెల డిష్‌వాషరు మరమ్మతు గురించి రాసినందుకు, ఈసారైనా పనికొచ్చే సంగతి రాయమని ముగ్గురు మిత్రులు సలహా ఇచ్చారు. డిష్‌వాషరు పనికిరానిదెలా అయిందో మాకు బోధపడలేదు. ఆ ముగ్గురూ అడిగింది మాత్రం ఒకే ప్రశ్న: "చేతిలో ఉన్న ఫోనుతో ఎక్కడో ఇంట్లో ఉన్న కంప్యూటరు నడపవచ్చునట గదా, ఎలాగండీ?" విచారించగా, ఇద్దరి విషయంలో ఆ ఇల్లు న్యూజెర్సీలో లేదు. ఒకరిది విజయవాడ, ఇంకొకరిది వరంగల్లు. అంటే అమ్మానాన్నల కంప్యూటరన్నమాట. కనుక ఈ నెల అదే రాస్తున్నాము. చివర్లో మా ఇంట జరిగినది కూడా చెబుతాము. చెప్పుకోవటానికి సిగ్గుగానే ఉంది గాని, చెప్పకపోవటం ఇంకా తప్పని మా ఇద్దరికీ తోచింది.

ముందుగా, ఇది నిన్న మొన్న పుట్టిన విద్య కాదు. 1940 సెప్టెంబరు 11న న్యూహాంప్‌షైర్‌లోని డార్ట్‌మత్ కాలేజీలో అమెరికన్ మేథమేటికల్ సొసైటీ సభ జరిగింది. బెల్ లాబ్స్‌లో పనిచేసే జార్జి స్టిబిట్జ్ అక్కడ ఒక టెలిటైపు యంత్రం పెట్టించి, సంకీర్ణ సంఖ్యల లెక్కలు ఇమ్మని సభికులను పిలిచాడు. లెక్క ఇక్కడ టైపు చేస్తే, న్యూయార్కులో ఉన్న యంత్రం దాన్ని చేసి, జవాబు టెలిఫోను తీగ మీద తిరిగి పంపింది. చూసినవాళ్ళలో నార్బర్ట్ వీనర్, జాన్ మాక్లీ ఉన్నారు. కంప్యూటరు అనే మాటకు ఈనాటి అర్థం ఇంకా స్థిరపడకముందే దాన్ని దూరంనుంచి నడిపారు!

1970లలో ఈ దేశంలో చదువుకున్న మన పెద్దలకూ ఇది తెలియంది కాదు. టెలిఫోను రిసీవరును రెండు రబ్బరు కప్పుల్లో బోర్లించి, కీచుమనే చప్పుడు విని, క్షణానికి ముప్ఫై అక్షరాలు వస్తుంటే ఆహా అనుకున్న రోజులవి. అప్పట్లో అటునుంచి వచ్చేవి అక్షరాలే. ఇప్పుడు తెరకు తెరే వస్తుంది. తేడా అంతా అక్కడే ఉంది.

ఆ తెర వచ్చే విధానం చూద్దాము. మామూలు కంప్యూటరు తెర మీద అడ్డంగా 1920, నిలువుగా 1080 చుక్కలుంటాయి. గుణిస్తే 20 లక్షలు దాటుతుంది. చుక్కకు మూడు బైట్ల రంగు చొప్పున ఒక్క బొమ్మకే 62 లక్షల బైట్లు. క్షణానికి ముప్ఫై బొమ్మలు పంపాలంటే మన ఇళ్ళకొచ్చే లైను చాలదు. అందుచేత తెరంతా పంపరు. ఏ నలుచదరపు ముక్క మారిందో ఆ ముక్కను మాత్రమే, అదీ బాగా కుదించి పంపుతారు. ఇంగ్లండులో కేంబ్రిడ్జిలోని ఒలివెట్టి పరిశోధనశాలవారు తయారుచేసిన వి.ఎన్.సి. అనే పద్ధతికి ఆధారం ఇదే. ఇటునుంచి అటు వెళ్ళేది మరీ స్వల్పం: వేలు ఇక్కడ ఆనింది, ఈ అక్షరం నొక్కారు అన్న కబురు మాత్రమే. అటు కంప్యూటరు ఆ కబురును తన మౌసు, తన కీబోర్డు చెప్పినట్టే నమ్ముతుంది. ఎదురుగా కూర్చున్న మనిషికీ పదమూడు వేల కిలోమీటర్ల అవతలున్న మనిషికీ దానికి భేదం తెలియదు. ఈ మాట గుర్తుంచుకోండి, మళ్ళీ దీనితో పనుంది.

దూరం అన్నాము గనుక ఇంకో లెక్క. గాజు తీగలో వెలుగు క్షణానికి సుమారు రెండు లక్షల కిలోమీటర్లు పోతుంది. న్యూజెర్సీనుంచి ఆంధ్రదేశానికి తిన్నగా తీగ వేసినా రానూపోనూ 26 వేల కిలోమీటర్లు, అంటే క్షణంలో ఎనిమిదో వంతు. తీగలు తిన్నగా ఉండవు గనుక నిజానికి ఇంకా ఎక్కువే పడుతుంది. మీట నొక్కాక తెర కదలటానికి పట్టే ఆ కాస్త ఆలస్యం మీ ఫోను దోషం కాదు, భూగోళం దోషం. తొందరపడి రెండోసారి నొక్కకండి. మేము అలా నొక్కి ఒక పెళ్ళి ఫొటోల ఫోల్డరును చెత్తబుట్టలో వేసి, మళ్ళీ ఏరుకున్నాము.

ఇక ఇంట్లోకి దారి. మీ ఇంటి రూటరు అపార్ట్‌మెంటు వాచ్‌మన్ లాంటిది. లోపలివాళ్ళు బయటికి పోతే అడ్డు చెప్పదు. బయటివాళ్ళు తమంతట తాము వస్తే గేటు తియ్యదు. అందుకని ఇంటి కంప్యూటరే ముందుగా బయటికి వచ్చి, నడిమధ్య ఉన్న ఒక కంపెనీ సర్వరు దగ్గర పేరు రాయించుకుని కూర్చుంటుంది. మన ఫోనూ అక్కడికే వెళ్ళి ఫలానావారు కావాలని అడుగుతుంది. సర్వరు ఇద్దరినీ కలుపుతుంది. ఇలా కలిపేవి చాలా ఉన్నాయి. గూగుల్ ఖాతా ఉన్నవారికి క్రోమ్ రిమోట్ డెస్క్‌టాప్ ఉచితం. ఇంటి కంప్యూటరులో ఒకసారి ఏర్పాటు చేసి, కనీసం ఆరంకెల పిన్ను పెట్టుకుని, ఫోనులో అదే ఖాతాతో తెరిస్తే చాలు. విండోసులోనే ఉన్న రిమోట్ డెస్క్‌టాప్ వాడదామనుకునేవారు, తమది హోం రకమైతే అది బయటివారిని రానివ్వదని, ప్రో రకం కావాలని గమనించాలి. ఆ ప్రో రకం ఉన్నవారు కూడా, ఎవరో చెప్పారని రూటరులో 3389 నంబరు తలుపు ప్రపంచానికి తెరిచిపెట్టకండి. తాళంచెవుల గుత్తులు పట్టుకుని ఆ తలుపుల కోసమే తిరిగే దొంగ యంత్రాలు రాత్రింబగళ్ళు పనిచేస్తుంటాయి.

అనుభవం మీద తెలిసినవి మరి మూడు. ఒకటి, నిద్రపోయిన కంప్యూటరు పలకదు. కరెంటు ఉన్నప్పుడు నిద్రపోవద్దని ముందే ఆజ్ఞ ఇవ్వాలి. వేక్ ఆన్ లాన్ అని నిద్ర లేపే పద్ధతి ఒకటుంది. 102 బైట్ల చిన్న కబురది, అందులో ఆ యంత్రం చిరునామా పదహారుసార్లు జపం చేసినట్టు ఉంటుంది. అయితే బయటినుంచి వచ్చే ఆ జపాన్ని రూటరు మామూలుగా లోపలికి రానివ్వదు. ఇంట్లోనే మెలకువగా ఉన్న మరో యంత్రం దాన్ని పంపాలి. రెండు, కరెంటు పోయి వస్తే తనంతట తాను మేలుకునేట్టు బయోస్‌లో ఒక ఏర్పాటు చాలా కంప్యూటర్లకు ఉంటుంది. మన ఊళ్ళకు ఇది ముఖ్యం. మూడు, ఫోను తెర చిన్నది, మన వేలు లావుది. వేలు ఆనినచోటే నొక్కినట్టు కాకుండా, వేలు జరిపితే బాణం జరిగే పద్ధతి చాలా యాప్‌లలో ఉంది. దానికి మారితే సగం చిరాకు తగ్గుతుంది.

యంత్రం సంగతి ఇంతే. ఇక మా సంగతి.

మా ఇంటి పెద్దాయన తెనాలిలో ఉంటారు. మాలో ఒకరికి తండ్రి, ఇంకొకరికి మామగారు. రిటైరైన లెక్కల మాస్టారు, వయస్సు 79. బల్ల మీద పెద్ద తెర కంప్యూటరు మేమే కొనిపెట్టాము. తెలుగు పేపరు చదవటం, పెన్షను పడిందో లేదో చూడటం, మనవల ఫొటోలు చూడటం ఆయన పనులు. వారానికొకసారి ఏదో ఒకటి మొరాయించేది. అక్షరాలు చిన్నవైపోయేవి, ప్రింటరు పలికేది కాదు. మేము ఇక్కడ ఆఫీసు కారుపార్కులో కూర్చుని ఫోను చేసేవాళ్ళము. "నాన్నా, ఆ యాప్ తెరవండి. తొమ్మిదంకెల నంబరు కనిపిస్తుంది, చదవండి. ఇప్పుడు ఒప్పుకుంటారా అని అడుగుతుంది, ఒప్పుకోండి." ఆయన చదివేవారు, ఒప్పుకునేవారు. తన బాణం తనంతట తాను కదులుతుంటే చిన్నపిల్లాడిలా నవ్వేవారు. ఐదు నిమిషాల్లో పని అయ్యేది. తల్లిదండ్రులకు దూరమై కూడా దగ్గరున్నామని మాకు తృప్తి.

ఒక బుధవారం పొద్దున ఆయనకు కరెంటాఫీసునుంచని ఫోను వచ్చింది. బిల్లు కంప్యూటరులో ఎక్కలేదు, ఈ రాత్రికి కనెక్షను తీసేస్తారు, పది రూపాయలు కడితే సరిపోతుంది, మేమే దగ్గరుండి చేయిస్తాము అన్నాడు అవతలివాడు. మంచి తెలుగు, మన ప్రాంతపు యాస, మాటకు ముందు 'మాస్టారూ' అని సంబోధన. పెద్దాయన కంప్యూటరు ముందు కూర్చుని నంబరు చదివారు, ఒప్పుకున్నారు, బ్యాంకు తెరిచి పది రూపాయలు కట్టారు. తరవాత తెర నల్లగా అయిపోయింది. పని జరుగుతోంది, ముట్టుకోకండి, ఫోనుకు వచ్చిన అంకెలు మాత్రం చెప్పండి అన్నాడు. చెప్పారు. తెర వెలిగేసరికి 92 వేల రూపాయలు లేవు.

మాకు ఆయన రెండు రోజులు చెప్పలేదు. శుక్రవారం ప్రింటరు సంగతి అడిగితే, "ఇంక ఆ కంప్యూటరు వద్దులే" అన్నారు. గుచ్చి గుచ్చి అడగ్గా బయటపడింది. ఎలా నమ్మారు నాన్నా అని మేము కాస్త గట్టిగానే అన్నాము. దానికి ఆయన నెమ్మదిగా చెప్పిన జవాబు ఇది: "నువ్వు చెప్పినట్టే చెప్పాడురా. నంబరు చదవమన్నాడు, చదివాను. ఒప్పుకోమన్నాడు, ఒప్పుకున్నాను. ఎప్పుడూ చేసేదే గదా."

ఆ రాత్రి మా ఇద్దరికీ నిద్ర పట్టలేదు. యంత్రానికి మనిషి భేదం తెలియదని పైన రాశాము. ఆయనకు తెలుసు. గొంతులు పోల్చి చూడగల మనిషి ఆయన. అడిగితే ప్రశ్నించకుండా ఒప్పుకోవటం మాత్రం ఏళ్ళ తరబడి మేమే నేర్పాము. దొంగ కొత్తగా నేర్పింది ఏమీ లేదు, మేము నేర్పినదాన్ని వాడుకున్నాడు. 2019లోనే ఇలాంటి యాప్‌లతో జరిగే మోసాల గురించి రిజర్వు బ్యాంకు బ్యాంకులను హెచ్చరించింది. మేమూ ఆ వార్త చదివాము, పేజీ తిప్పాము.

ఇలాంటిది జరిగితే చెయ్యవలసింది ఇది. ముందు రూటరు స్విచ్చి కట్టెయ్యాలి. వెంటనే బ్యాంకుకూ, భారతదేశంలో సైబరు మోసాలకు పెట్టిన 1930 నంబరుకూ అక్కడున్నవారి చేత ఫోను చేయించాలి. డబ్బు చేతులు మారేలోపల చెబితేనే ఆపటానికి వీలుంటుంది. మేము రెండు రోజులు ఆలస్యం. అయినా ఒక ఖాతాలో నిలిచిపోయిన 18 వేలు కొన్ని నెలల తరవాత తిరిగి వచ్చాయి. అన్నిటికంటె ముందు, పెద్దవాళ్ళు భయపడకుండా మనకు చెప్పగలగాలి. ఆ రెండు రోజుల మౌనానికి కారణం సిగ్గు, ఆ సిగ్గుకు కారణం మన విసుగు.

ఇప్పుడు మా ఏర్పాటు ఇలా ఉంది. నంబర్లు చదివే పద్ధతి మానేశాము. కంప్యూటరును మా ఖాతాకు కలిపి, పిన్నుతో మేమే వెళ్ళేట్టు చేశాము. కనుక ఆయనకు నేర్పిన సూత్రం ఒక్కటే: "నంబరు ఎవరు అడిగినా చదవకండి, మేము అడిగినా సరే." మినహాయింపు ఉంటే ఆ సందులోంచే దొంగ వస్తాడు. అలాగే బరువు మా మీదికి వచ్చింది. మా ఫోను పోతే తెనాలి ఇంటి తాళంచెవి పోయినట్టే. అందుకని ఫోనుకు గట్టి తాళం, ఖాతాకు రెండంచెల తనిఖీ పెట్టాము. ఫోను పోతే ఆ ఖాతానుంచి దాన్ని తొలగించటం ఎలాగో ఇద్దరం నేర్చుకున్నాము. బ్యాంకు పని ఆ కంప్యూటరులో చెయ్యటం లేదు. ఆయన నడిచి బ్రాంచికే వెళుతున్నారు.

ఇదంతా చెప్పి, బాగుందా నాన్నా అని అడిగాము. ఆయన కాసేపు ఊరుకుని, "మీరు ఎప్పుడు పడితే అప్పుడు వచ్చి చూస్తే నాకెలా తెలుస్తుంది?" అన్నారు. నిజమే, అది మాకు తట్టనే లేదు. దొంగను ఆపే హడావిడిలో, ఆయన గదిలోకి తలుపు తట్టకుండా వెళ్ళే హక్కు మాకు మేమే ఇచ్చుకున్నాము. చివరికి ఉపాయం కూడా ఆయనే చెప్పారు. పని లేనప్పుడు గోడ దగ్గర స్విచ్చి కట్టేసి ఉంచుతారు. మాకు కావాలంటే ముందు ఫోను చెయ్యాలి. ఆయన మా గొంతు విని, మనవరాలిని కూడా పలకరించి, అప్పుడు స్విచ్చి వేస్తారు. పైన రాసిన నిద్ర లేపే ఏర్పాట్లేవీ ఆ ఇంట్లో అక్కరలేకపోయాయి. వారానికొకసారి చేసే ఫోను ఇప్పుడు మూడుసార్లు అయింది. ప్రింటరు మాత్రం ఇంకా పలకటం లేదు.

మీ ఇళ్ళల్లో ఏ ఏర్పాటు ఉందో రాయండి. వచ్చే వేసవిలో ఊరికి వెళ్ళేవారు సామాను సర్దే జాబితాలో ఒక గంట దీనికోసం రాసుకోండి. పక్కన కూర్చుని, విసుక్కోకుండా చెప్పండి. వచ్చే నెల, పాఠకుల కోరిక మీద కాకపోయినా, డిష్‌వాషరు రెండో భాగం.